గాలికి తాళం



చాలా రోజుల తరువాత కోపంతో ఒక టపా రాస్తున్నాను. కోపంలో రాసినది దిండు కింద పెట్టుకొని పడుకోవాలని, తెల్లవారి చదివినా సరిగానే తోస్తే అప్పుడు నలుగురిలో పెట్టాలని మా గురువుగారు చెప్పేవారు. ఇది మూడు రాత్రులు దిండు కింద ఉన్నది. నాలుగో ఉదయానికీ కోపం తగ్గలేదు. కనుక మీ ముందుంచుతున్నాను.

నా దగ్గర పదో తరగతి చదువుకున్న శిష్యుడొకడు ఇప్పుడు ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు కార్మికుడు. ఛందస్సు ఒంటబట్టలేదు గాని నడవడి బంగారం. గాజువాక దాటాక ఒక సందులో రెండు గదుల ఇల్లు. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడు పగలు నిద్రపోవాలి కనుక పగలు ఆ ఇంట్లో పెద్దగా ఎవరూ మాట్లాడరు. వాడి కూతురు ప్రభుత్వ కళాశాలలో బి.ఎస్సీ. పూర్తి చేసి, పై చదువు ప్రవేశ పరీక్షకు సిద్ధమవుతోంది. కోచింగుకు పోయే స్తోమత లేదు. ఐ.ఐ.టి. ఆచార్యులు చెప్పే పాఠాలు అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతాయి కదా, అవే ఆమెకు గురువులు. కాని పాఠం ఉచితమైనా పాఠం వచ్చే దారి ఉచితం కాదు. ఫోనులో రోజుకు ఒకటిన్నర జీబీ. అది తమ్ముడికీ కావాలి. రెండు పాఠాలు పూర్తి కాకముందే తెర మీద బొమ్మ నిలబడిపోతుంది.

నగరంలోని ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో బయటివారిని రుసుము తీసుకొని కూర్చోనిస్తారని తెలిసి, ఆ పిల్ల డబ్బు కట్టి కార్డు తీసుకున్నది. రెండు బస్సులు మారి రోజూ వెళ్ళేది. పుస్తకాలు చదువుకోవచ్చు, బల్ల వాడుకోవచ్చు, ఫ్యాను కింద కూర్చోవచ్చు. అక్కడి వైఫై మాత్రం ఆ సంస్థ విద్యార్థులకే. అక్కడే చదువుతున్న స్నేహితురాలు జాలిపడి తన సంకేతపదం ఇచ్చింది. మూడు వారాలు గడిచాయి. ఒకనాడు పట్టుబడింది. ఫోను తీసుకున్నారు. ఆఫీసు గదిలో నిలబెట్టి, చెప్పినది చెప్పినట్టు ఇంగ్లీషులో క్షమాపణ పత్రం రాయించారు. కార్డు రద్దు చేశారు. స్నేహితురాలికి ఆ సెమిస్టరంతా నెట్టు కట్టేశారు. తండ్రిని పిలిపించారు. వాడు ఒక రోజు కూలి వదులుకొని వెళ్ళి, చేతులు కట్టుకొని నిలబడి, పిల్లను వెంటబెట్టుకొని వచ్చాడు.

ఆ సాయంత్రం మా అరుగు మీద కూర్చొని వాడు నన్ను ఒకటే ప్రశ్న అడిగాడు.

"మాస్టారూ, మా పాప దొంగతనం చేసిందాండీ?"

ఆ సంస్థ పేరు చెప్పను. మా నగరంలో విశ్వవిద్యాలయాలు, ఆ స్థాయి విద్యాలయాలు పలు ఉన్నాయి. ఏదో ఊహించుకొని ఎవరినీ నిందించవద్దని మనవి. నా వాదం ఒక సంస్థతో కాదు, అనేక సంస్థలలో వేళ్ళూనుకున్న ఒక ఆలోచనతో.

ముందుగా ఒప్పుకోవలసినది ఒప్పుకుంటాను. ఒకరి సంకేతపదం మరొకరు వాడటం తప్పే. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం కూడా అనుమతి లేని ప్రవేశాన్ని సమ్మతించదు. ఆ మాట పిల్లతోనూ చెప్పాను. "తెలుసు తాతగారూ, కాని అడగడానికి అక్కడ ఇంకో తలుపు లేదు" అన్నది. ఆ రెండో వాక్యమే ఈ టపాకు మూలం. తలుపు లేని చోట కిటికీ దూకినవాణ్ణి దండించడానికి ముందు, తలుపు ఎందుకు పెట్టలేదని ఇల్లు కట్టినవాణ్ణి అడగాలా వద్దా?

అడగడానికే వెళ్ళాను. అధికారి మర్యాదస్థుడు. కుర్చీ వేసి, టీ తెప్పించి, "మాస్టారూ, మీరు పెద్దలు, అర్థం చేసుకోవాలి" అంటూ మూడు కారణాలు చెప్పాడు. ఒకటి, దేశ భద్రత. రెండు, అందరినీ రానిస్తే వల బరువెక్కి మా పిల్లలకే అందదు. మూడు, మేము కొనే విద్యాపత్రికల ప్రచురణకర్తలు ఒప్పుకోరు. ఈ మూడింటికీ అక్కడే బదులు చెప్పి ఉండవచ్చు. కాని నాకు అప్పటికి సగమే తెలుసు. ఇంటికి వచ్చి చదువుకున్నాను. ఇప్పుడు చెబుతున్నాను.

అంతకంటె ముందు ఆ గాలి ఎవరిదో తేల్చాలి.

వైఫై ప్రసారిణులు ప్రధానంగా 2.4, 5 గిగాహెర్ట్‌జ్ తరంగాల మీద పనిచేస్తాయి. మన దేశంలో 2.4 గిగాహెర్ట్‌జ్ పట్టీని తక్కువ శక్తితో ఎవరైనా లైసెన్సు లేకుండా వాడుకోవచ్చునని 2005 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. అంటే ఊరుమ్మడి చెరువు వంటిది. ఏ విద్యాలయమూ దానిని వేలంలో కొనలేదు. ఇక గాలిలో నుండి దిగిన తరువాత నేలలో ఉండే తీగ సంగతి. దేశంలోని విద్యా, పరిశోధన సంస్థలను కలిపే జాతీయ విజ్ఞాన జాలానికి 2010లో కేంద్ర మంత్రివర్గం 5,990 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. అది పన్నుల సొమ్ము. ఉక్కు కార్మికుడు అగ్గిపెట్టె కొన్నా అందులో అతని పాలు ఉన్నది. గాలి ఉమ్మడిది, తీగ ప్రజలది. మధ్యలో ఉన్న పెట్టె ఒక్కటే సంస్థది. ఆ పెట్టెకు వేసిన తాళం చూపించి మొత్తం మాదే అంటున్నారు.

ఈ విద్య పుట్టుక కూడా గుర్తు చేయాలి. తీగ లేకుండా కంప్యూటర్లను కలిపే ప్రయత్నాలలో తొలినాటిది 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం నడిపిన అలోహా వల. ఎందుకు పుట్టింది? కేంద్ర కంప్యూటరు ఒక దీవిలో ఉన్నది, చదువుకొనేవారు ఇతర దీవులలో ఉన్నారు, నడుమ సముద్రం. ఆ దూరాన్ని దాటడానికి పుట్టింది. నడుమ సముద్రం ఉన్నవాళ్ళను కలపడానికి పుట్టిన విద్యను, నడుమ ఒక ప్రహరీగోడ మాత్రమే ఉన్నవాళ్ళను విడదీయడానికి వాడుతున్నాం.

ఇంత దూరం పోనక్కరలేదు. మన సంగతే చూసుకుందాం. మీరు, నేను ఇంగ్లీషు మీటలు నొక్కి తెలుగు రాస్తున్నామే, ఆ పద్ధతికి ఆర్.టి.ఎస్. అని పేరు. అందులోని మొదటి అక్షరం రైస్ విశ్వవిద్యాలయానిది. 1990ల తొలినాళ్ళలో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో ఆ విశ్వవిద్యాలయపు కంప్యూటర్ల ముందు కూర్చున్న తెలుగువారు తయారుచేసిన లిప్యంతరీకరణ పద్ధతి అది. 'లేఖిని'లో మనం ఓనమాలు దిద్దినది ఆ బాణీలోనే. ఆ విశ్వవిద్యాలయానికి తెలుగుతో ఏ సంబంధమూ లేదు. పాఠ్యప్రణాళికలో లేని పనికి మా యంత్రాలు వాడతారా అని అక్కడ ఎవరైనా తలుపు మూసి ఉంటే, అంతర్జాలంలో తెలుగు ఇంకెన్నాళ్ళకు నడక నేర్చేదో! మనలో పలువురు తొలి టపా రాసినది సొంత కనెక్షను మీద కాదు. కార్యాలయపు వలలోనో, కళాశాల ప్రయోగశాలలోనో, నెట్ సెంటరులో గంటకు ఇంతని చెల్లించో రాశాం. ఎరవు గాలితో ఊపిరి పోసుకున్నవాళ్ళం. ఈ విషయంలో మౌనంగా ఉండే హక్కు మనకు లేదు.

ఇప్పుడు అధికారిగారి మూడు కారణాలు.

మొదటిది భద్రత. ఇది ఉత్తుత్తి భయం కాదు. 2008 జూలైలో అహ్మదాబాదు పేలుళ్ళ సమయాన ఉగ్రవాదులు పంపిన ఈ-లేఖ, నవీ ముంబయిలో ఎవరి ఇంట్లోనో తాళం లేకుండా ఉన్న వైఫై మీదుగా వెళ్ళిందని తేలింది. ఆ దరిమిలా 2009 ఫిబ్రవరిలో టెలికాం శాఖ ఆదేశాలు జారీచేసింది. వైఫై వాడేవారెవరో గుర్తించే ఏర్పాటు ఉండాలన్నది వాటి సారాంశం. బాగున్నది. కాని గుర్తించమన్నారా, వెళ్ళగొట్టమన్నారా? రెండింటికీ హస్తిమశకాంతరం. ఫోను సంఖ్య తీసుకొని, దానికి వచ్చిన ఓటీపీతో లోపలికి రానిచ్చే పద్ధతి రైల్వే స్టేషనులో ఉన్నది, విమానాశ్రయంలో ఉన్నది. మా పిల్ల సంగతి చూడండి. ఆమె గుర్తింపు పత్రం నకలు, ఫొటో, చిరునామా, సంతకం అన్నీ గ్రంథాలయం వారి బీరువాలో ఉన్నాయి. రైలుకోసం పది నిమిషాలు నిలుచున్న అపరిచితుని కంటె ఆమెను గురించి వారికి పదిరెట్లు ఎక్కువ తెలుసు. భద్రతే పరమావధి అయితే ఆమెకు సొంత ప్రవేశం ఇవ్వడమే భద్రం. ఇవ్వకపోతే ఏమవుతుంది? సంకేతపదాలు చేతులు మారుతాయి, చివరకు ఎవరు ఏమి చూశారో ఎవరికీ తెలియదు. తాళం గట్టిదైతే భద్రత అనుకోవడం పొరపాటు. తాళంచెవికి మారుచెవులు ఎన్ని ఉన్నాయో కూడా లెక్కించాలి.

రెండవది బరువు. వందమంది తాగే బావిలో పదిమంది పరాయివాళ్ళు చేద వేస్తే నీరు ఇంకిపోతుందన్న భయం. దీనికి విరుగుడు ఎంత సులువో, చెన్నైలో ఆ పనే చేస్తున్న నా మేనల్లుడు విడమరచి చెప్పాడు. ఒకే ప్రసారిణి నుండి రెండు పేర్లతో రెండు వలలు నడపవచ్చునట. ఒకటి ఇంటివారిది, మరొకటి అతిథులది. అతిథుల వలకు వేగంలో హద్దు పెట్టవచ్చు, సమయంలో హద్దు పెట్టవచ్చు, పరీక్షల కాలంలో తగ్గించవచ్చు. అతిథి వలలో ఉన్నవారికి సంస్థ లోపలి కంప్యూటర్లు కనబడకుండా చేయవచ్చు. ఇందుకు కొత్త యంత్రాలు కొనవలసిన పని కూడా సాధారణంగా ఉండదట, ఉన్నవాటిలో అమర్చుకుంటే చాలునట. వీధి అరుగు వేరు, వంటిల్లు వేరు. వీధి అరుగు మీద బాటసారిని కూర్చోబెడితే వంటింట్లో ఉప్పు తరిగిపోదు. మన పెద్దలు ఇల్లు కట్టేటప్పుడే ఈ సంగతి ఎరుగుదురు.

మూడవది ప్రచురణకర్తలు. ఇక్కడ ఆగి మాట్లాడాలి. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం 'ఒకే దేశం, ఒకే చందా' అనే పథకాన్ని ఆమోదించింది. 2025 నుండి మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు. 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 పత్రికలు. 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలు. సుమారు 1 కోటి 80 లక్షల మంది విద్యార్థులు, ఆచార్యులు, పరిశోధకులు. మంచి పథకం, సందేహం లేదు. పేరులో 'దేశం' ఉన్నది. కాని దేశం అంటే ఆ సంస్థల చిట్టాలో పేరున్నవారేనా? రిటైరైన బడిపంతులు దేశం కాడా? ఉద్యోగం వెతుక్కొనే పట్టభద్రురాలు దేశం కాదా?

ప్రచురణకర్తలను అడ్డం పెట్టుకోవడం కూడా పూర్తిగా సబబు కాదు. గ్రంథాలయాలు రాసుకొనే చందా ఒప్పందాలు ప్రపంచమంతటా అనేకం ఉన్నాయి. వాటిలో చాలావాటిలో, గ్రంథాలయం భవనంలోకి నడిచి వచ్చి అక్కడే కూర్చొని చదివేవారిని కూడా అనుమతించే నిబంధన ఉంటుంది. ఇంటికి పట్టుకుపోకూడదు, అక్కడ చదువుకోవచ్చు. ఏ పత్రిక ఒప్పందంలో ఆ నిబంధన ఉన్నదో తీసి చూడవలసినది గ్రంథాలయం వారు. లేకపోతే వచ్చేసారి ఒప్పందంలో అడగవలసినదీ వారే. "ఒప్పుకోరు" అనేముందు "అడిగాం" అనగలగాలి. నేను అడిగినప్పుడు ఆ అధికారి ఏ ఒప్పందమూ తెరచి చూడలేదు. పైగా మా పిల్ల చూసినవి ప్రచురణకర్తల పత్రికలు కానే కావు. ప్రభుత్వమే ఉచితంగా పెట్టిన పాఠాలు. వాటికి ఈ కారణం వర్తించనే వర్తించదు.

ఇక్కడ ఆరన్ స్వార్ట్జ్ పేరు ఎత్తేవారుంటారు. 2010లో అతడు అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయపు వలలో అతిథిగా చేరి, జేస్టోర్ భాండాగారం నుండి లక్షల వ్యాసాలు దించుకున్నాడు. 2011 జనవరిలో అరెస్టయ్యాడు. జేస్టోర్ వారు అతనితో పేచీ తెంచుకున్నా ప్రభుత్వం అభియోగాలు వదలలేదు. 2013 జనవరి 11న, 26 ఏళ్ళ వయసులో, ప్రాణం తీసుకున్నాడు. "చూశారా, అతిథిని రానిస్తే ఏమయిందో!" అంటారు. నేను ఆ కథను మరోవిధంగా చదువుతాను. ఒక్క మనిషి గంపలకొద్దీ ఎత్తుకుపోతే, ఆ పని కనబడింది, ఆపారు. అది హద్దులు పెట్టడం గురించిన పాఠం. తలుపు మూయడం గురించిన పాఠం కాదు. అతని మరణానికి రెండు రోజుల ముందే జేస్టోర్ వారు, ఏ విశ్వవిద్యాలయానికీ చెందని సామాన్య పాఠకులు పేరు నమోదు చేసుకొని పరిమితంగా ఉచితంగా చదువుకొనే పద్ధతిని అందరికీ తెరిచారు. సొమ్ము పోయిందన్నవారే తలుపు తీశారు. కావలివాళ్ళు ఇంకా మూసి పట్టుకున్నారు.

ఇక తెలుగువాణ్ణి కనుక తెలుగుదేశం సంగతి చెప్పక మానను. 1886లోనే మన విశాఖపట్నంలో 'సరస్వతీ నిలయం' అనే పౌర గ్రంథాలయం వెలసింది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశపు గ్రంథాలయాల ప్రతినిధులు సభ తీర్చారు. అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారు గ్రంథాలయాన్ని ఉద్యమం చేశారు. 1935లో పాతూరి నాగభూషణంగారు పెదవడ్లపూడి ప్రాంతంలో కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపించారు. పడవలో పుస్తకాలు! రేవు రేవుకూ ఆగి, రైతు చేతికి, కూలి చేతికి పుస్తకం అందించిన జాతి మనది. ఆ పడవ మీద "అర్హులకు మాత్రమే" అన్న బోర్డు లేదు. తరువాత 1960లో గ్రంథాలయాల చట్టం వచ్చింది. ఆస్తిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సుంకంగా కడుతున్నాం. చదువు అనేది కట్టినవాడికీ కట్టలేనివాడికీ ఉమ్మడి అని ఒప్పుకున్నాం కనుకనే ఆ ఎనిమిది పైసలు. పుస్తకం కాగితం మీద ఉన్నంతకాలం మనది ఆ నీతి. పుస్తకం తెర మీదికి రాగానే నీతి మారిపోవాలా? మా పిల్ల విషయంలో జరిగినది సరిగ్గా ఇదే. గోడకున్న బీరువా ముట్టుకోవచ్చును, గదిలో ఉన్న గాలి ముట్టుకోరాదు!

మా ఊరి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడలో పుట్టి, 1930లో వాల్తేరుకు చేరింది. నూరేళ్ళ ప్రాయం కలది. దాని ముద్రలోని ఉపనిషద్వాక్యం, చెప్పేవాడూ చదివేవాడూ కలిసి చేసే అధ్యయనం తేజస్సు పొందాలని కోరుతుంది. 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని ఈ నగరం వీధులకెక్కినప్పుడు ఆ విద్యార్థులు ముందువరుసలో ఉన్నారు. రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరిలో ఇందిరాగాంధీగారు ఆ కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. చదువుకొనే పిల్లలు ఆనాడు గోడ దాటి ఊరి కోసం బయటికి వచ్చారు. ఆ ఉక్కులో చెమటోడ్చేవాని కూతురు ఈనాడు చదువు కోసం ఏ ఆవరణలోకి వచ్చినా ఆ ఊరే వస్తున్నట్టు లెక్క. విశ్వవిద్యాలయం అన్న మాటలో 'విశ్వ' శబ్దం అలంకారానికి పెట్టినది కాదు. నేను తెలుగు పండితుణ్ణి, శబ్దానికి అర్థం ఉన్నదని నమ్మి బతికినవాణ్ణి.

రైల్వే స్టేషను ముచ్చట కూడా చెప్పి ముగిస్తాను. 2016లో గూగుల్, రైల్‌టెల్ కలిసి స్టేషన్లలో ఉచిత వైఫై పెట్టడం మొదలుపెట్టినప్పుడు తొలి స్టేషన్లలో మన విశాఖపట్నం ఒకటి. 2020లో గూగుల్ తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. రైల్‌టెల్ కొనసాగించింది. 2018లో ఎర్నాకుళం స్టేషనులో మూటలు మోసే ఒక కూలి, ఆ వైఫై మీద పాఠాలు వింటూనే కేరళ సర్వీసు కమిషను రాతపరీక్షలో నెగ్గాడన్న వార్త దేశమంతా చదివింది. అందరం చప్పట్లు కొట్టాం. ఆ కూలి స్టేషనులో కాక ఏదైనా విశ్వవిద్యాలయపు చెట్టు కింద కూర్చొని ఉంటే? చప్పట్లు కాదు, క్షమాపణ పత్రం దక్కేది. ఈ దేశంలో చదువుకోదలచిన పేదవాడికి విద్యాలయం కంటె రైల్వే ప్లాట్‌ఫారం ఎక్కువ ఆదరణ చూపిందంటే, సిగ్గుపడవలసినది ప్లాట్‌ఫారం కాదు.

న్యాయస్థానాలు కూడా మాట్లాడాయి. 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, హాస్టలులో ఫోను వాడకం మీద ఆంక్షలను ప్రశ్నించిన ఒక కళాశాల విద్యార్థిని వ్యాజ్యంలో, అంతర్జాలాన్ని అందుకొనే హక్కు విద్యాహక్కులో భాగమని చెప్పింది. ఆ తీర్పు హాస్టలు గదికి సంబంధించినది, బయటివారి మాట అందులో లేదు. అయినా చదువుకూ వలకూ ఉన్న సంబంధాన్ని న్యాయమూర్తి చూడగలిగారు, విద్యాధికులు చూడలేకపోతున్నారు. విద్యాలయాలు తమలో తాము మాత్రం ఎంతో ఉదారంగా ఉంటాయి సుమండీ. ఎడ్యురోమ్ అని ఒక ఏర్పాటు ఉన్నది. 2000ల తొలినాళ్ళలో ఐరోపాలో మొదలై నూరుకు పైగా దేశాలకు వ్యాపించింది. మన దేశంలో ఎర్నెట్ సంస్థ నడుపుతోంది. అందులో చేరిన ఏ సంస్థ విద్యార్థి అయినా, చేరిన మరే సంస్థకు వెళ్ళినా, తన ఊరి సంకేతపదంతోనే అక్కడి వైఫై పొందుతాడు. వచ్చినవాడు ఎవరో అతని సొంత సంస్థ హామీ ఇస్తుంది. మంచిదే. కాని ఆమ్‌స్టర్‌డాం విద్యార్థికి విశాఖలో తెరుచుకోగల తలుపు, గాజువాక పట్టభద్రురాలికి ఎందుకు మూసుకోవాలి? ఆమెకు హామీ ఇవ్వడానికి గ్రంథాలయం వారి సొంత కార్డు చాలదా?

నేను అడుగుతున్నది కొండ మీది కోతిని కాదు. ప్రజల సొమ్ముతో నడిచే ప్రతి విశ్వవిద్యాలయమూ ఈ నాలుగు పనులు చేయాలి. గ్రంథాలయ కార్డున్న బయటి పాఠకునికి, చదువుగదిలో, గ్రంథాలయ వేళలలో, హద్దులతో కూడిన అతిథి వైఫై ఇవ్వాలి. చందా ఒప్పందాలు తెరచి చూసి, నడిచి వచ్చే పాఠకునికి ఏవి అనుమతించదగినవో ఒక పట్టిక గోడకు అంటించాలి. సంకేతపదం ఇచ్చిపుచ్చుకున్న మొదటి తప్పుకు కార్డు రద్దు, తండ్రిని పిలిపించడం వంటి శిక్షలు మాని, హెచ్చరికతో సరిపెట్టాలి. నాలుగవది నా స్వార్థం. ఈ నిబంధనలన్నీ తెలుగులో రాయాలి. నేను చూసిన ప్రవేశపుట మొత్తం ఇంగ్లీషే. పిల్ల చేత రాయించిన క్షమాపణ పత్రంలోని రెండు మాటలకు అర్థం ఆమె తండ్రికి నేను చెప్పవలసి వచ్చింది. తాను దేనికి తల వంచాడో కూడా తెలియకుండా ఒక మనిషి చేత తల వంచించడం చదువుకున్నవారి లక్షణం కాదు. జనం భాష బడిలోకి రావాలని గిడుగువారు పోరాడినది ఈ ఉత్తరాంధ్ర గడ్డ మీదనే. ఆయన జన్మదినమైన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం పేరిట దండలు వేస్తే సరిపోదు.

ఈ నాలుగూ రాసి, సంతకం చేసి, ఆ సంస్థకు రిజిస్టర్డు పోస్టులో పంపాను. ఇంకా జవాబు లేదు. మీలో పలువురు విశ్వవిద్యాలయాలలో పనిచేస్తున్నారు, కొందరు విదేశాలలో ఉన్నారు. మీ గ్రంథాలయంలో బయటి పాఠకుడికి వైఫై ఉన్నదా, ఉంటే ఏ పద్ధతిలో ఇస్తున్నారో వ్యాఖ్యలలో చెప్పండి. ఆ వివరాలన్నీ చేర్చి రెండో ఉత్తరం రాస్తాను. నన్ను తప్పుబట్టదలచినవారు కూడా నిస్సంకోచంగా రాయండి. తర్కంతో ఓడిస్తే ఓడిపోతాను. "పాలసీ" అన్న ఒక్క మాటతో మాత్రం ఓడిపోను.

పిల్ల ప్రస్తుతం మధ్యాహ్నాలు మా ఇంటికి వచ్చి చదువుకుంటోంది. మా ఆవిడ మజ్జిగ ఇస్తుంది, నేను నా వైఫై ఇస్తాను. నెలనెలా బిల్లు నాకు బరువు కాదు. కాని ఒక్క అరుగు ఎంతమందికి సరిపోతుంది?

ఆ సాయంత్రం నా శిష్యుడు అడిగిన ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను. లేదు నాయనా, మీ పాప దొంగతనం చేయలేదు. ఒక చిన్న నియమం తప్పింది, అంతే. నీ పన్ను డబ్బుతో వేసిన తీగ మీద, ఎవరిదీ కాని గాలిలో, ప్రభుత్వం ఉచితంగా పెట్టిన పాఠం విన్నది. క్షమాపణ పత్రం రాయవలసినవాళ్ళు వేరే ఉన్నారు.

స్వస్తి.